‘చేసి పెట్టు’, ‘చేసి ఉంచు’: ముందుగా చేయడం ఎక్కడ, ఒకరి కోసం చేయడం ఎక్కడ?

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటే ఇది. మీరు బెంగళూరులో పెరిగారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కన్నడంలో ముందుగా చేయడానికి ‘మాడి ఇడు’, ఒకరికి చేసి ఇవ్వడానికి ‘మాడి కొడు’ అని రెండు వేర్వేరు మాటలు ఉన్నాయి. తెలుగులో మాత్రం ‘రేపటికి చేసి పెట్టు’ అన్నప్పుడు ముందుగా చేయమనీ, ‘నాకు ఈ పని చేసి పెట్టు’ అన్నప్పుడు నా కోసం చేయమనీ ఒకే మాట రెండు అర్థాలు ఇస్తోంది. మధ్యలో ‘చేసి ఉంచు’ మరొకటి. ఏది ఎక్కడ వాడాలి, ఈ చిక్కు లేకుండా అన్నిచోట్లా ‘సిద్ధం చెయ్యి’ అంటే సరిపోదా అని అడిగారు.

‘సిద్ధం చెయ్యి’ సరిపోదని మొదటే చెప్పి ఉంచుతాను. కారణం తర్వాత వివరంగా రాస్తాను. ముందు ‘పెట్టు’ సంగతి చూద్దాం.

పెద్దవారికి తెలుగు నేర్పే పనిలో చాలాకాలంగా ఉన్నాను. తమిళులు, కన్నడిగులు సరిగ్గా మీరు ఆగిన చోటే ఆగుతారు. అందుకు బలమైన కారణం ఉంది. ముందుగా చేసిపెట్టుకునే పనిని చెప్పడానికి మన చుట్టూ ఉన్న భాషలన్నీ ఒకే దారి పట్టాయి. తమిళంలో ‘సెయ్దు వై’, మలయాళంలో ‘చెయ్దు వెక్కు’, మరాఠీలో ‘కరూన్ ఠేవ్’, హిందీలో ‘కర్ రఖ్’. అసలు క్రియ తర్వాత వచ్చే ఆ చిన్న మాటకు అన్నింటిలోనూ ‘పెట్టు’ అనో ‘ఉంచు’ అనో అర్థం. ఎంతో దూరాన ఉన్న జపనీస్‌లో కూడా ‘షితే ఒకు’ అంటారు. ‘ఒకు’ అంటే పెట్టడమే. ఇంతవరకూ తెలుగుకూ వాటికీ తేడా లేదు. తేడా సాయం దగ్గర వస్తుంది. ఒకరి కోసం చేయడాన్ని తమిళం ‘సెయ్దు కొడు’ అంటుంది, కన్నడం ‘మాడి కొడు’ అంటుంది. అంటే ‘ఇవ్వు’ అనే మాటను తోడు తెచ్చుకుంటాయి. తెలుగులో ‘చేసి ఇవ్వు’ ఉన్నప్పటికీ, సాయం చేయడమనే అర్థంలో ఎక్కువ భాగాన్ని ‘పెట్టు’ తన వైపు లాక్కుంది. అందువల్ల ఒక్క మాట మీద రెండు బరువులు పడ్డాయి.

ఇలా ఎందుకు జరిగిందో ‘పెట్టు’ అసలు అర్థంలోనే కనిపిస్తుంది. పెట్టడం అంటే చేతిలో ఉన్నదాన్ని ఒక చోట వదలడం. అలా వదిలినదాన్ని వేరొకరు తీసుకుంటారు, లేదా వేరొక వేళలో మనమే తీసుకుంటాం. వేరొకరు తీసుకుంటే అది సాయం. వేరొక వేళలో తీసుకుంటే అది ముందుచూపు. ఈ రెండు అర్థాలూ ఒకే పనికి రెండు కొనలు. కాబట్టి వాక్యంలో ‘ఎవరికి’ అన్నది ప్రధానమా, ‘ఎప్పటికి’ అన్నది ప్రధానమా అని చూసుకోండి. ‘నాకు, మా అబ్బాయికి, వాళ్ళకి’ అని మనుషులు ఉంటే సాయం. ‘రేపటికి, నేను వచ్చేసరికి, పొద్దున్నే కావాలి కాబట్టి’ అని కాలం ఉంటే ముందుగా చేయడం. రెండూ ఉంటే రెండు అర్థాలూ కలిసే వస్తాయి. ‘పిల్లలు బడి నుంచి వచ్చేసరికి వాళ్ళకేమైనా చేసి పెట్టు’ అన్న వాక్యంలో ఏ ఒక్కదాన్నీ విడదీయలేం, విడదీయాల్సిన అవసరమూ లేదు.

వంటింటి మాటలు ఒక్కసారి గమనించండి. కూర చేస్తాం, పప్పు వండుతాం, ఆవకాయ మాత్రం పెడతాం. వడియాలు పెడతాం. పాలకు తోడు పెడతాం. ఇవన్నీ అప్పటికప్పుడు తినేవి కావు. ఇంకా స్పష్టంగా కనిపించేది గోంగూర. ‘గోంగూర పచ్చడి చేశాను’ అంటే ఈ పూట అన్నంలోకి. ‘గోంగూర పచ్చడి పెట్టాను’ అంటే జాడీలోకి, నెలల తరబడి నిలవ ఉండటానికి. ఆకు అదే, పచ్చడి పేరూ అదే, క్రియ ఒక్కటి మారితే అది ఎన్నాళ్ళ కోసమో మారిపోయింది. ‘ముందుగా’, ‘నిలవకు’ లాంటి మాటలు ఏవీ అవసరం రాలేదు. అయితే దీన్ని అన్నిచోట్లకూ లాగకండి. ‘టీ పెట్టు’లో నిలవ ఏమీ లేదు. అక్కడ ఉన్నది పొయ్యి మీద పెట్టడం మాత్రమే.

ఇప్పుడు ‘ఉంచు’. ‘ఉండు’కు ఇది ప్రేరణ రూపం. ఉండేలా చేయడమే ఉంచడం. అందువల్ల ‘చేసి ఉంచు’లో మన చూపు పని మీద కన్నా, పని అయ్యాక మిగిలిన స్థితి మీద ఉంటుంది. ఈ తేడా తెలియడానికి దర్జీ కొట్టుకు వెళ్దాం. పండగకు జాకెట్టు కుట్టమని గుడ్డ ఇచ్చారు. ‘కుట్టి ఇచ్చాడు’ అంటే కుట్టాడు, మీ చేతికి అందించాడు, అక్కడితో పని ముగిసింది. ‘కుట్టి పెట్టాడు’ అంటే పండగ రద్దీలో కొత్తవేవీ తీసుకోని మనిషి మీ మాట కాదనలేక కుట్టాడు. ఆ వాక్యంలో ఆయన మంచితనానికి మీరు చెప్పే కృతజ్ఞత కూడా ఉంది. ‘కుట్టి ఉంచాడు’ అంటే కుట్టడం ఎప్పుడో అయింది, జాకెట్టు మడత పెట్టి అరలో ఉంది, మీరే ఇంకా వెళ్ళలేదు. జాకెట్టు కుట్టారన్న విషయం మూడింటిలోనూ ఒకటే. ఆ తర్వాత మీకూ దర్జీకీ మధ్య ఏమి జరిగిందో మాత్రం రెండో క్రియే చెబుతోంది.

అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు జరిగే సంభాషణ ఇంకా మంచి ఉదాహరణ. ఊరికి కొత్తగా వస్తున్నవారు తెలిసినవారికి ఫోను చేసి ‘మాకు ఒక ఇల్లు చూసి పెట్టండి’ అంటారు. కొద్ది రోజుల తర్వాత అవతలి వారు ‘మీ కోసం ఒక ఇల్లు చూసి ఉంచాను, వచ్చి చూసుకోండి’ అంటారు. అడిగేటప్పుడు ‘పెట్టండి’, అయ్యాక ‘ఉంచాను’. అడిగేవారికి కావలసింది సాయం కాబట్టి ఆ మాట. చేసినవారు తాము చేసిన సాయాన్ని ఎత్తి చెప్పుకోరు. ఇల్లు సిద్ధంగా ఉందన్నంతవరకే చెబుతారు కాబట్టి ఈ మాట. ‘చూసి పెట్టాను’ అన్నా తప్పు కాదు, కానీ అందులో ‘మీ కోసం నేను తిరిగాను’ అన్న ధ్వని కొంచెం చేరుతుంది. ఇంత సున్నితమైన మర్యాద ఒక సహాయక క్రియ (అసలు క్రియకు తోడుగా వచ్చే క్రియ) ఎంపికలో ఒదిగి ఉండటం నాకు తెలుగులో ఎంతో ఇష్టమైన విషయం.

ఏ అర్థమో తేలనప్పుడు ఒక పరీక్ష పెట్టి చూడండి. ‘పెట్టు’ తీసేసి ఆ చోట ‘ఉంచు’ వేయండి. అర్థం నిలిస్తే అది ముందుగా చేయడం. అర్థం మారిపోతే అది సాయం. చదువు రాని పెద్దలు ఉత్తరం వచ్చినప్పుడు ‘ఈ ఉత్తరం చదివి పెట్టు నాయనా’ అనేవారు. అంటే నాకు చదివి వినిపించు అని. దాన్ని ‘చదివి ఉంచు’ అని మార్చండి. ఇప్పుడు ఆ ఉత్తరాన్ని నువ్వే చదివి, విషయం తెలుసుకొని సిద్ధంగా ఉండు అని అయింది. వినవలసిన మనిషి వాక్యం నుంచి వెళ్ళిపోయాడు. కాబట్టి మొదటిది సాయం. అదే ‘నేను వచ్చేసరికి కూరగాయలు కోసి పెట్టు’ని ‘కోసి ఉంచు’ అని మార్చినా ఏమీ చెడదు. కాబట్టి అది ముందుగా చేయడం.

వద్దని చెప్పేటప్పుడు తేడా మరింత పదునెక్కుతుంది. ‘వాడికి లెక్కలు చేసి పెట్టకు’ అంటే వాడి పని వాణ్ణే చేసుకోనివ్వు అని. ‘వంకాయలు ముందే కోసి ఉంచకు, నల్లబడతాయి’ అంటే వేళకు ముందు చేయవద్దని. కోసి ఉంచక తప్పకపోతే ఉప్పునీళ్ళలో వేస్తాం, అది వేరే సంగతి. మొదటి వాక్యంలో ‘ఉంచకు’ అంటే అతకదు. రెండో వాక్యంలో ‘పెట్టకు’ అనవచ్చు, కానీ ‘ముందే’ అన్న మాట ఉండాలి. అది తీసేసి ‘వంకాయలు కోసి పెట్టకు’ అంటే ఎవరికో సాయం చేయవద్దన్నట్టు వినిపిస్తుంది. అంటే ‘ఉంచు’కు ముందుచూపు అర్థం సొంతంగా ఉంది, ‘పెట్టు’కు చుట్టూ ఉన్న మాటలు ఆ అర్థాన్ని అందించాలి. రాసేటప్పుడు అనుమానం వస్తే ‘ఉంచు’ వైపు మొగ్గండి.

‘కొను’ అనే క్రియ దగ్గర జాగ్రత్త. ‘కొని పెట్టు’ దాదాపు ఎప్పుడూ సాయమే, కానుకే. ‘నాన్న సైకిలు కొని పెట్టాడు’. ముందుగా కొనడానికి ‘కొని ఉంచు’ అనాలి. ‘పెళ్ళికి కావలసిన బియ్యం కొని ఉంచాం’. అలాగే ‘వండి పెట్టు’లో ‘పెట్టు’ చాలాసార్లు సహాయక క్రియే కాదు. అన్నం పెట్టడంలోని పెట్టు అది. ‘ఆయనకు వండి పెట్టేవారు లేరు’ అంటే వండి వడ్డించేవారు లేరని.

అన్ని క్రియలూ ఈ తోడును ఒప్పుకోవు. పని అయ్యాక ఏదో ఒకటి మిగలాలి. కడిగితే శుభ్రమైన గిన్నె మిగులుతుంది, నింపితే నిండిన బిందె, మడిస్తే మడిచిన బట్ట, రాస్తే కాగితం మీద మాట, చెబితే ఎదుటివారికి తెలిసిన విషయం, ఆటో మాట్లాడితే కుదిరిన బేరం. అందుకే కడిగి ఉంచు, నింపి ఉంచు, మడిచి ఉంచు, రాసి ఉంచు, చెప్పి ఉంచు, మాట్లాడి ఉంచు అన్నీ సహజంగా వస్తాయి. పరుగెత్తితే, నవ్వితే, నడిస్తే తర్వాత వాడుకోవడానికి మిగిలేది ఏమీ లేదు. ‘పరుగెత్తి ఉంచు’ అని ఏ తెలుగువాడూ అనడు. మీరు కొత్త క్రియతో ఈ ప్రయోగం చేయాలనుకున్నప్పుడు ‘ఇది చేశాక నా దగ్గర ఏమి మిగులుతుంది’ అని అడగండి, జవాబు దొరికితే నిస్సందేహంగా వాడండి.

ఇక్కడే ‘చేసెయ్యి’తో తేడా కూడా చెప్పాలి. ‘గిన్నెలు తోమెయ్యి’ అంటే ఆ పని వదిలించుకో అని. ‘గిన్నెలు తోమి ఉంచు’ అంటే మళ్ళీ వాటితో అవసరం ఉంది అని. ఒకటి వెనక్కు చూస్తోంది, ఇంకొకటి ముందుకు చూస్తోంది. కొత్తగా నేర్చుకునేవారు రెండింటినీ ‘పూర్తి చేయడం’ అని ఒకే గాటన కడతారు. అది సరికాదు.

రాతలో తరచూ జరిగే పొరపాటు ‘చేసి ఉంటే’, ‘చేసి ఉంచితే’ అనే జంటలో ఉంటుంది. ‘నిన్ననే చేసి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు’ అంటే చేయలేదు, ఇప్పుడు విచారిస్తున్నాం. ‘ఈ రాత్రే చేసి ఉంచితే రేపు తిప్పలు ఉండవు’ అంటే ఇంకా చేయవచ్చు, చేయడం మంచిది. ఒక్క ‘చ’కారంతో జరిగిపోయినదానికి బాధ కాస్తా జరగబోయేదానికి ఏర్పాటుగా మారిపోయింది. అచ్చుదిద్దేవారు దీన్ని ప్రత్యేకంగా చూసుకోవాలి.

తన కోసమే ముందుగా చేసుకునేటప్పుడు ‘కొను’ చేరుతుంది. డబ్బిచ్చి కొనడం కాదు, ‘చేసుకొను’లోని ‘కొను’ ఇది. రాసి పెట్టుకో, దాచి పెట్టుకో, తీసి పెట్టుకో. రైల్వే రిజర్వేషన్ గడువు 2024 నవంబరు నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది కదా. కాబట్టి సంక్రాంతికి ఊరికి వెళ్ళేవారు ఇప్పుడు నవంబరు మధ్యలోనే టికెట్లు తీసి పెట్టుకోవాలి. ఇదే వాక్యాన్ని ‘మా నలుగురికీ టికెట్లు తీసి పెట్టు’ అంటే తమ్ముడిని సాయం అడిగినట్టు. ‘టికెట్లు తీసి ఉంచాను’ అంటే తమ్ముడి జవాబు. ‘పెట్టుకో’ దగ్గర సాయం అనే అర్థం రావడానికి వీల్లేదు, ఎందుకంటే చేసేవారూ అనుభవించేవారూ ఒకరే. అందువల్ల ఈ మొత్తం కుటుంబంలో అనుమానానికి చోటు లేని రూపం ఇదే. నేర్చుకునేవారికి నేను ముందు దీన్నే నేర్పుతాను. ‘ఉంచుకో’ను మాత్రం వస్తువులకే పరిమితం చేయండి. ‘ఈ డబ్బు ఉంచుకో’, ‘విత్తనాలు దాచి ఉంచుకున్నారు’ మంచి వాక్యాలే. మనిషిని కర్మగా పెట్టి ‘ఉంచుకున్నాడు’ అంటే పెళ్ళి లేని సంబంధం అనే అర్థం వస్తుంది, అది నలుగురిలో అనదగినది కాదు.

‘రాసి పెట్టు’ గురించి విడిగా చెప్పకుండా ఉండలేను. ‘ఫోను నంబరు రాసి పెట్టు’ అంటే మామూలు ముందుజాగ్రత్త. ‘రాసి పెట్టుకో, వీడు ఎప్పటికైనా పైకి వస్తాడు’ అంటే తన మాట మీద తనకున్న ధీమా. రేపు సరిచూసుకోవడానికి నా మాటను ఈ రోజే పత్రంలా నీ దగ్గర ఉంచుకో అని. ఇక ‘రాసి పెట్టి ఉంటే జరుగుతుంది’ అన్నప్పుడు రాసేది మనిషి కాదు, తలరాత. పుట్టకముందే ఎవరో రాశారు, ఆ రాత అలాగే నిలిచి ఉంది, వేళ వచ్చినప్పుడు జరుగుతుంది. చేయడం, నిలవడం, తర్వాత అక్కరకు రావడం అనే మూడు అంశాలూ ఈ ఒక్క నానుడిలో నిండుగా ఉన్నాయి. ‘పెట్టు’, ‘ఉండు’ రెండూ పక్కపక్కనే చేరాయి కూడా. పల్లెలో చదువు లేని ముసలమ్మ నోట కూడా ఈ మాట తడబాటు లేకుండా వస్తుంది.

మీరు ‘నానపెట్టి’ అని రాశారు. దాన్ని ‘నానబెట్టి’ అని దిద్దుకోండి. ఇది ఉచ్చారణ అలవాటు కాదు, దీని వెనక ఒక సూత్రం ఉంది. తెలుగులో ‘పెట్టు’ రెండు రకాల రూపాల తర్వాత వస్తుంది. చేసి, దాచి, రాసి వంటివి క్త్వార్థకాలు. అంటే ముందు ఒక పని చేసి, ఆ తర్వాత ఇంకొకటి అని చెప్పే రూపాలు. వాటి తర్వాత ‘ప’ మారదు. దాచిపెట్టు, చెప్పి పెట్టు, వదిలిపెట్టు. నాన, ఎండ, ఆర, పులియ వంటివి తుమున్నర్థకాలు. అంటే ‘నానడానికి’, ‘ఎండడానికి’ అనే అర్థం ఇచ్చే రూపాలు. వీటి చివర పూర్వం ‘న్’ ఉండేది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణం ద్రుతం అనేది దాన్నే. ద్రుతం తర్వాత వచ్చిన పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) అవుతుంది కాబట్టి ‘ప’ ‘బ’ అయింది. నానబెట్టు, ఎండబెట్టు, ఆరబెట్టు, పులియబెట్టు, కూడబెట్టు. చేయన్, కలడు కలిసి ‘చేయగలడు’ కావడం కూడా ఇదే సూత్రం. అర్థంలోనూ తేడా ఉంది. ‘ఎండబెట్టు’లో ఎండేది మిరపకాయ, ఎండేలా చేసేది మనిషి. ‘దాచిపెట్టు’లో దాచేదీ పెట్టేదీ ఒకే మనిషి. తమిళం నుంచి వచ్చినవారు ‘ఊర వై’ని గుర్తు చేసుకుంటే నానబెట్టడం వెంటనే అర్థమవుతుంది, నిర్మాణం అచ్చంగా అదే.

బియ్యం, మినపప్పు నానబెట్టి ఉంచడంలో రెండు రకాలూ వరుసగా వచ్చాయి చూడండి. ‘నానబెట్టు’ నానేలా చేయడం, ‘ఉంచు’ పొద్దున రుబ్బడానికి దాన్ని అలా నిలపడం. ‘దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి’ అన్న సామెతలోని ‘చక్కబెట్టు’లోనూ ఈ ‘బెట్టు’ కనిపిస్తుంది.

ఇక ‘సిద్ధం చెయ్యి’. ఇది తప్పు మాట కాదు, కానీ ఇది ఫలితాన్ని మాత్రమే చెబుతుంది. ఏ పని వల్ల ఆ ఫలితం వచ్చిందో చెప్పదు. ‘కూరగాయలు సిద్ధం చెయ్యి’ అంటే కడగాలా, కోయాలా, తొక్క తీయాలా? ‘కడిగి ఉంచు’, ‘కోసి ఉంచు’ అన్నప్పుడు అడగవలసింది ఏమీ మిగలదు. వంటింట్లో ఇది చిన్న విషయమే కావచ్చు. వరద వార్తలో కాదు. భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మొదటి హెచ్చరిక రాగానే ‘యంత్రాంగం సమాయత్తం’, ‘పునరావాస కేంద్రాలు సిద్ధం’, ‘ముందస్తు ఏర్పాట్లు పూర్తి’ అనే మాటలు వార్తల నిండా కనిపిస్తాయి. ఒడ్డున ఉన్న ఊళ్ళవారికి వాటివల్ల తెలిసేది ఏమీ లేదు. ‘రేవులో పడవలు కట్టి ఉంచారు, బడిలో బియ్యం దించి ఉంచారు, తాగునీటి ట్యాంకులు నింపి ఉంచారు, గర్భిణులను ముందే ఆసుపత్రికి చేర్చి ఉంచారు’ అని రాయండి. చదివినవారికి ఎక్కడికి వెళ్ళాలో, అక్కడ ఏమి ఉందో తెలుస్తుంది. పైగా ఏ పని జరగలేదో అదీ బయటపడుతుంది. ‘సమాయత్తం’ వెనక జరగని పని దాక్కోగలదు, ‘నింపి ఉంచారు’ వెనక దాక్కోలేదు. వార్తలు రాసే యువకులకు నేను పదేపదే చెప్పేది ఇదే. ప్రతి ‘సిద్ధం’ దగ్గరా ఆగి, ఏమి చేసి ఉంచారో అడిగి తెలుసుకొని, ఆ క్రియనే రాయండి.

‘సిద్ధం’ లాంటి మాటల మధ్య కూడా తేడాలు ఉన్నాయి. ‘సన్నద్ధం’లో ఉన్నది కట్టుకోవడం. నడుం కట్టి, కవచం తొడిగి నిలబడినవాడు సన్నద్ధుడు. కాబట్టి అది మనుషులకు చెల్లుతుంది, ‘భోజనం సన్నద్ధం’ కుదరదు. ‘సిద్ధం’ మనుషులకూ వస్తువులకూ సరిపోతుంది. ‘తయారు’ ఉర్దూ నుంచి వచ్చింది. అక్కడ దానికి ‘సిద్ధం’ అనే అర్థం. తెలుగులో ‘పిల్లలు తయారయ్యారు’, ‘భోజనం తయారు’ అన్నప్పుడు ఆ పాత అర్థమే ఉంది. ‘తయారు చేయడం’ అన్నప్పుడు మాత్రం అది కొత్తగా ఒక వస్తువును చేయడం అయింది. ‘బండి తయారు చేశారు’ అంటే కర్మాగారంలో చేశారని, ‘బండి సిద్ధం చేశారు’ అంటే ప్రయాణానికి వీలుగా ఉంచారని.

మర్యాద విషయం ఒకటి మిగిలింది. పెద్దవారిని అడిగేటప్పుడు ‘ఉంచండి’ కొంచెం ఆజ్ఞలా వినిపిస్తుంది, ఎందుకంటే అందులో ఫలితం మీదే గురి. ‘అత్తయ్యా, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పప్పు నానబెట్టి ఉంచండి’ అంటే పని పురమాయించినట్టు ఉంటుంది. ‘కాస్త పప్పు నానబెట్టి పెడతారా అత్తయ్యా’ అంటే అందులోని సాయం అనే అర్థం మాటను మెత్తబరుస్తుంది. ఇక్కడ ‘పెట్టు’కున్న రెండు అర్థాలూ మీకు చిక్కు కాదు, అండ. కార్యాలయంలో పై అధికారితో ‘సంతకం చేసి ఉంచండి’ అనడం కన్నా ‘సంతకం చేసి పెడితే నేను వచ్చి తీసుకుంటాను’ అనడం బాగుంటుంది. మీ కింద పనిచేసేవారికి, పిల్లలకు, స్నేహితులకు ‘ఉంచు’ హాయిగా వాడండి, అందులో కటువేమీ లేదు. అవతలివారు చేసి ఉంచామని చెప్పినప్పుడు ‘మంచి పని చేశారు’ అంటే సరిపోతుంది. చేసి పెట్టారని తెలిసినప్పుడు కృతజ్ఞత చెప్పాలి.

కలిపి రాయాలా, విడదీసి రాయాలా అన్నదానికి నేను పాటించే పద్ధతి ఇది. రెండు క్రియల అర్థాలూ విడివిడిగా బతికి ఉంటే విడదీస్తాను. చేసి పెట్టు, కోసి ఉంచు, రాసి పెట్టుకో. రెండూ కరిగి ఒక కొత్త అర్థం పుట్టి ఉంటే కలుపుతాను. కనిపెట్టు, వదిలిపెట్టు, విడిచిపెట్టు. వీటిలో ముందుగా చేయడం ఏమీ లేదు కాబట్టి మీరు కూడా వాటిని ఈ లెక్కలోకి తీసుకోకండి. ‘దాచిపెట్టు’ రెండు వైపులా ఉంటుంది, ఎలా రాసినా ఎవరూ తప్పు పట్టరు. ‘కట్టిపెట్టు’ దగ్గర మాత్రం ఖాళీ తప్పనిసరిగా చూసుకోండి. ‘పొద్దున్నే బయలుదేరాలి, మూటలు కట్టి పెట్టు’ అంటే మూటలు కట్టి సిద్ధంగా ఉంచమని. ‘ఆ మాటలు కట్టిపెట్టు’ అంటే ఇక ఆపమని.